ఉపవాస ఆదివారం నాటి సాక్ష్యం

పక్కింటి లరూని నేనెంత నమ్మానో చెప్పడానికి కాఫీ సంగతి ఒక్కటి చాలు. పొద్దున్నే మా వంటింట్లో నా కాఫీ నేను తాగి, పళ్లు తోముకుని, అప్పుడు వాళ్ల పెరట్లోకి వెళ్లేదాన్ని. వాళ్ల మతంలో కాఫీ నిషిద్ధం. నేను మిన్నెసోటాలో పుట్టిన నార్వే వాళ్ల పిల్లని, లూథరన్ని. కాఫీ మానమంటే మా పాస్టరు మాట కూడా వినే రకాన్ని కాను. అలాంటిదాన్ని ఒక పొరుగింటి మనిషి ముక్కుకి ఇబ్బంది కాకూడదని పళ్లు తోముకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

యూటాలో అది మాకు రెండో వేసవి. నా భర్త హాల్వర్ సరస్సు ఒడ్డున ఉన్న స్టీలు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఊళ్లో మాతో కలిపి రెండు మూడు ఇళ్లు తప్ప అందరూ లరూ వాళ్ల మతం వాళ్లే, మోర్మన్లు. మా చర్చికి వెళ్లాలంటే బస్సెక్కి ప్రోవో దాకా పోవాలి. పక్కింటి వెర్ల్ ప్యాక్స్‌టన్‌కి చెర్రీ తోట ఉండేది. మా నాలుగు వీధులకీ కలిపి వాళ్ల చర్చి బిషప్ కూడా ఆయనే. బిషప్ అంటే నేను చిన్నప్పట్నుంచీ పొడవాటి అంగీ, చేతికి ఉంగరం ఊహించుకున్నాను. ఈయన బనియను మీద ఓవరాల్స్ తగిలించుకుని చెట్లకి మందు కొట్టేవాడు. ఆదివారం మాత్రం టై కట్టుకునేవాడు. లరూ ఆయన భార్య, నాకన్నా పదేళ్లు పెద్ద.

జూలైలో పుల్ల చెర్రీలు దిగాయి. రోజూ వాళ్ల వెనక వరండాలో కూర్చుని తల పిన్నుతో గింజలు తీసేవాళ్లం. మోచేతుల దాకా ఎర్రటి రసం. చేతులకి పని, నోటికి తీరిక. మాట ఎక్కడ మొదలైనా దేవుడి దగ్గరికే వచ్చేది.

"మీ దేవుడికి ఒళ్లుందటగా?" అన్నాను ఒకరోజు.

"ఉంది. కాళ్లూ చేతులూ అన్నీ. మరి మీ దేవుడికి?"

"ఆయన ఆత్మ."

"కుమారుడు ఆయన కుడిచేతి వైపు కూర్చున్నాడని మీరూ చదువుతారుగా. ఒళ్లే లేకపోతే కుడిచెయ్యి ఎక్కణ్ణించి వచ్చింది?"

"అది మాటవరసకి అన్నది."

"మాకు మాటవరసకి అన్నవేం ఉండవమ్మాయ్" అంది లరూ. "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, మీకు ముగ్గురూ కలిసి ఒక్కరు. మాకు ముగ్గురంటే ముగ్గురే. లెక్కల్లో మాదే తేలిక."

"ఆ లెక్కల సంగతి సరే. ప్రభువు బల్లలో ద్రాక్షారసం బదులు నీళ్లు పోస్తారట. కానా పెళ్లిలో అంత కష్టపడి నీళ్లని ద్రాక్షారసం చేసినాయన మీ ఊరొచ్చి చూస్తే ఏమనుకుంటాడు?"

లరూ గిన్నె పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. ఎనిమిది నెలల తర్వాత నేను నవ్వడం అదే మొదలు.

ఎనిమిది నెలల కిందట, నవంబరులో, నాకు కొడుకు పుట్టి పోయాడు. పేరు ఆర్నె. కాన్పు కష్టమై ఆపరేషన్ చేశారు. నాకు జ్వరం వచ్చి తెలివి తప్పింది. నేను కళ్లు తెరిచేసరికి వాడు లేడు. హాల్వర్ ముఖం చూడగానే విషయం తెలిసిపోయింది. నేను అడిగింది ఒక్కటే, బాప్తిస్మం అయిందా అని.

"అయింది. నేనే ఇచ్చాను" అన్నాడు హాల్వర్.

మా దాంట్లో ప్రాణం మీదికొస్తే పాస్టరు కోసం ఆగనక్కర్లేదు. విశ్వాసి ఎవరైనా ఇవ్వచ్చు. చారెడు నీళ్లు, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేర్లు, అంతే. చిన్నప్పుడే ఆ మాటలు మా అందరి చేతా బట్టీ పట్టిస్తారు. నేను మంచం మీద నుంచే ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని హాల్వర్ చెయ్యి వదల్లేదు.

"నర్సు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. మూడుసార్లు తల మీద పోశాను. నీళ్లు చల్లగా ఉన్నాయేమో, మొహం చిట్లించాడు" అన్నాడు.

నా కొడుకు ప్రాణంతో ఉండగా నేను చూడలేదు. వాడి బతుకులో నాకు దక్కింది ఆ మొహం చిట్లించడం ఒక్కటే. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ దాన్నే తలుచుకునేదాన్ని. కోపంగా చిట్లించి ఉంటాడా, ఏడుపు మొహమా, వాళ్ల నాన్నలా కుడి కనుబొమ్మ పైకెత్తాడా అని.

బాప్తిస్మం గురించి నేనంతగా ఎందుకు పట్టుబట్టానో లరూకి చెప్పాను. మా అమ్మకి నాకన్నా ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. పాస్టరు వస్తాడని ఆగారు, మంచులో ఆయన బండి వచ్చేలోపే బాప్తిస్మం లేకుండా పోయింది. శ్మశానంలో అందరి పక్కనా కాకుండా కంచె వారన పాతిపెట్టారు. అమ్మ బతికినన్నాళ్లూ ఆ కంచె వైపు నడవలేదు, చుట్టు తిరిగి వెళ్లేది. దేవుడి కృపకి వదిలేశాం అనేది. ఆ కృప మీద ఆమెకి పెద్ద భరోసా ఉన్నట్టు మాత్రం నాకెప్పుడూ కనిపించలేదు.

"నా ఆర్నెకి ఆ గతి పట్టలేదు. అది చాలు నాకు" అన్నాను.

మామూలుగా లరూ నోట్లో నువ్వుగింజ నానదు. ఆరోజు వంచిన తల ఎత్తకుండా గింజలు తీస్తూనే ఉంది. నా బాధ పంచుకుంటోందనుకున్నాను.

ఈలోగా మా ఇంట్లో ఒక వింత మొదలైంది. హాల్వర్ డ్యూటీ దిగి వచ్చాక వెర్ల్‌కి సాయంగా తోటలో నిచ్చెనలెక్కేవాడు. అది మంచిదే, మనిషి కాస్త తేరుకుంటాడనుకున్నాను. ఒక పొద్దున కాఫీ పోసిస్తే కప్పు వెనక్కి నెట్టాడు.

"కడుపులో మంటగా ఉంది" అన్నాడు.

"పదేళ్లుగా తారులాంటి కాఫీ తాగావు. మంట ఈరోజే గుర్తొచ్చిందా?"

"కొన్నాళ్లు మానేసి చూస్తాను."

మర్నాడూ మంటే. వారమంతా మంటే. సంగతేమిటో నాకు అర్థం కాకపోలేదు. మోర్మన్ల మధ్య తిరుగుతున్నాడు, మొహమాటపడి ఉంటాడులే అని సరిపెట్టుకున్నాను. నేను మాత్రం పళ్లు తోముకోవడం లేదా ఏంటి.

జూలై చివర్లో లరూ మళ్లీ ఆర్నె మాట ఎత్తింది. ఈసారి తనే.

"నాకో మాట చెప్పు సిగ్నె. పసిగుడ్డుకి పాపమేంటి? ఎప్పుడో ఆదాము పండు తింటే మీ వాడు కడుక్కోవాలా?"

"వాడు చేసిన పాపం కాదు. పుట్టుకతో అంటుకొచ్చేది. మట్టిలో ఆడకపోయినా పుట్టిన పిల్లకి స్నానం చేయించమూ?"

"మాకు అలా కాదు. ఎవరి పాపం వాళ్లదే. ఎనిమిదేళ్లొచ్చి మంచీ చెడూ తెలిస్తేనే బాప్తిస్మం. అంతకుముందు పోయిన పిల్లలు తిన్నగా దేవుడి దగ్గరికే వెళ్తారు. పునరుత్థానంలో మళ్లీ అదే పసిపిల్లని తల్లి ఒళ్లో పెడతారు, పెంచుకోమని."

నా చేతిలో పిన్ను ఆగిపోయింది.

"పెంచుకోమనా?"

"అవును. పాకడం, నడవడం, మాటలు రావడం, పెద్దవాడయ్యేదాకా అన్నీ. తల్లీ తండ్రీ మా మందిరంలో ఎప్పటికీ విడిపోని పెళ్లి చేసుకుని ఉంటే చాలు."

మా చర్చిలో ఎవరూ నాకు ఇలాంటిది చెప్పలేదు. ప్రభువు సన్నిధిలో ఉంటాడు, విశ్రాంతిలో ఉంటాడు అన్నారు. నడక నేర్చుకుంటాడని ఎవరూ అనలేదు. నిజం చెప్పొద్దూ, ఆశ పుట్టింది. ఆ క్షణంలో ఎవరైనా చెయ్యి పట్టుకుని రమ్మంటే వెళ్లిపోయేదాన్నేమో.

"ఒకవేళ ఆర్నెకి బాప్తిస్మం అయ్యుండకపోతే?" అంది లరూ, చెర్రీల వంక చూస్తూ.

"అయింది కదా."

"అయిందిలే. కాకపోయినా తేడా ఏం లేదంటున్నా."

"నీకు లేదు. నాకుంది."

"అవునులే" అంది. చేతులకంటిన రసం తుడుచుకుని, "ఈ ఆదివారం మా చర్చికి రారాదూ? హాల్వర్ వస్తానన్నాడు. ఉపవాస ఆదివారం. ప్రసంగాలుండవు. ఎవరికి ఏం చెప్పాలనిపిస్తే వాళ్లు లేచి చెప్తారు" అంది.

నెలకో ఆదివారం వాళ్లు రెండు పూటలు పస్తుండి, చర్చిలో సాక్ష్యాలు చెప్పుకుంటారు. నేను వెళ్లాను. పొద్దున కాఫీ కూడా తాగలేదు. మెడలో సిలువ గొలుసు మాత్రం వేసుకున్నాను. వాళ్ల చర్చిలో సిలువ ఉండదు, గోడ మీదా ఉండదు, గోపురం మీదా ఉండదు. చచ్చిపోయిన రోజుని కాదు, లేచిన రోజుని తలుచుకుంటాం అంటుంది లరూ. రొట్టె ముక్కలు, చిన్న చిన్న కప్పుల్లో నీళ్లు బెంచీల వెంట చేతులు మారుతూ వచ్చాయి. హాల్వర్ తీసుకున్నాడు. నేను పక్కవాళ్లకి అందించాను.

ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఒక ముసలాయన తన ఆవు దొరికినందుకు దేవుణ్ణి స్తుతించాడు. ఒకావిడ మత ప్రచారానికి వెళ్లిన తన కొడుకు క్షేమంగా వచ్చాడని ఏడ్చింది. అప్పుడు లరూ లేచి ముందుకి నడిచింది. హాల్వర్ నేల వంక చూడటం మొదలుపెట్టాడు.

"బ్రదర్స్, సిస్టర్స్, ఈ చర్చి సత్యమని నాకు తెలుసు" అంది లరూ. వాళ్లందరూ అలాగే మొదలుపెడతారు. "ఈ వేసవిలో నేనొక తల్లి పక్కన కూర్చుని చెర్రీలు ఒలిచాను. ఆమెకి పుట్టిన బిడ్డ పోయాడు. బిడ్డకి బాప్తిస్మం ఇచ్చానని భర్త ఆమెకి చెప్పాడు. ఇవ్వలేదు. ఆమె ప్రాణం నిలబెట్టడానికి అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం మోయలేక మా ఇంటికొచ్చి పసిపిల్లాడిలా ఏడ్చాడు. అలాంటి బిడ్డలకి ఏ బాప్తిస్మమూ అక్కర్లేదని బిషప్ చెప్పగానే ఆయన మొహంలో వచ్చిన వెలుగు నేను చూశాను. ఆ వెలుగు ఈరోజు ఆ తల్లికీ అందాలని ఆత్మ నన్ను లేపింది. సిస్టర్ హౌగెన్, మీ బిడ్డ క్షేమంగా ఉన్నాడు."

హౌగెన్ మా ఇంటిపేరు. వేసవంతా నన్ను నువ్వు అన్న మనిషి, అక్కడ నిలబడి మీరు అంది.

జనం తలలు తిప్పి నన్ను చూశారు. ఆ చూపుల్లో జాలి ఉంటే భరించేదాన్ని. అందరి కళ్లల్లో సంతోషం. పెళ్లిపీటల మీద పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు. ముందు బెంచీలో ఆవిడ వెనక్కి వంగి నా చేతిలో రుమాలు పెట్టింది. నా కొడుకు గతి ఊరికంతటికీ శుభవార్త. అది వినాల్సిన చోట, చెప్పాల్సిన మనిషి నోట కాకుండా, నూట యాభై మంది మధ్య, ఖాళీ కడుపుతో విన్నాను. లేచి వెళ్లాలంటే పది జతల మోకాళ్లు దాటాలి. కూర్చున్నాను. చివరి పాట అయ్యేదాకా కూర్చున్నాను. బయట ఒక్కొక్కరూ చెయ్యి కలిపితే కలిపాను.

ఇంటికొచ్చి ముందు కాఫీ పెట్టుకున్నాను. హాల్వర్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆసుపత్రిలో ఏం జరిగింది?" అన్నాను.

"నర్సు గ్లాసుతో నీళ్లు తెచ్చిన మాట నిజం" అన్నాడు. "నువ్వు కూడా బతకడం కష్టమని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లాడు. గ్లాసు పట్టుకున్నాను. మాటలు గుర్తు రాలేదు సిగ్నె. ప్రతి ఆదివారం విన్న మాటలే. పెదాలు కదిపాను, గొంతు రాలేదు. అలాగే నిలబడ్డాను. నర్సు వచ్చి నా చేతిలోంచి గ్లాసు తీసేసుకుంది."

"అప్పటికే పోయాడా?"

"పోయాడు."

"మరి మొహం చిట్లించింది?"

టోపీ కొక్కేనికి తగిలించాడు.

"హాల్వర్, వాడు మొహం చిట్లించాడా, లేదా?"

"నువ్వు ఇంకా చెప్పమని అడిగావు" అన్నాడు. "ఏదో ఒకటి చెప్పాలి కదా."

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. నేను కదల్లేదు, అతనే వచ్చి దించాడు. నా కొడుకు రెండోసారి పోయిన రోజు అది. మొదటిసారి నాకు తెలివి లేదు. ఈసారి ఉంది.

అబద్ధం చెప్పినందుకు ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. పక్క మీద చావుబతుకుల్లో ఉన్న పెళ్లానికి ఏ మొగుడు మాత్రం నిజం చెప్తాడు? నేను కోలుకున్నాక చెప్పచ్చు. వసంతంలో వాడి సమాధి మీద గడ్డి నాటినప్పుడు చెప్పచ్చు. నాకివ్వాల్సిన నిజాన్ని తీసుకెళ్లి పొరుగింటి బల్ల మీద పెట్టాడు. అదే నన్ను కోసింది.

లరూ మర్నాడే వచ్చింది, సీసాల్లో పెట్టిన చెర్రీలు పట్టుకుని. నేను లోపలికి రమ్మనలేదు.

"కోపంగా ఉన్నావు" అంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మే నెల నుంచి."

అంటే చెర్రీలు పండకముందే. నేను ఆ గ్లాసు, ఆ చల్లటి నీళ్లు, ఆ మొహం ఆమెకి వర్ణించి చెప్పినప్పుడు, అదంతా లేదని తెలిసే విన్నది.

"భార్యకి నీ అంతట నువ్వే చెప్పుకో అని హాల్వర్‌తో అన్నాడు వెర్ల్. హాల్వర్‌కి ధైర్యం చాల్లేదు. నువ్వే ఎలాగోలా చెప్పు లరూ అని నన్ను బతిమాలాడు. ముందు నీ మనసు మెత్తబడనీ అని నెలంతా చూశాను. నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది."

"ఐదోసారి మైకు దాకా పోయిందా?"

"అందరూ నిన్ను ప్రేమించేవాళ్లే అక్కడ. వాళ్ల మధ్య వింటే నీకు బలంగా ఉంటుందనుకున్నాను. మా అక్క కూతురు పోయినప్పుడు మేమంతా అలాగే..." లరూ కళ్లు నిండాయి. "నేను నీకు మంచి వార్తే కదా చెప్పింది సిగ్నె. చెడు వార్త చెప్పినట్టు చూస్తావేం?"

ఆమె ఆ మాట కపటంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆమె దృష్టిలో నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు. లేనిదాన్ని ఎలా పోగొట్టుకుంటాను? అది నాకు అర్థమైంది, అర్థమైనందుకు ఇంకా కోపమొచ్చింది. చెర్రీ సీసాలు అరుగు మీదే వదిలేసి వెళ్లింది. నేను వాటిని ముట్టుకోలేదు.

ఆ వారంలోనే ప్రోవో వెళ్లి మా పాస్టరుని కలిశాను. కుర్రాడు, కొత్తగా వచ్చాడు. దేవుడు బాప్తిస్మానికి మనల్ని కట్టేశాడు గానీ తనని తాను దానికి కట్టేసుకోలేదమ్మా, ఆయన కృపకి అప్పగించండి అన్నాడు. మంచి మాటే. మా అమ్మ మాటే. ఇప్పుడైనా ఏదైనా చెయ్యచ్చా అని అడిగాను. బతికున్నవాళ్లకే కదండీ ఇచ్చేది అన్నాడు, తల దించుకుని.

సెప్టెంబరులో హాల్వర్ వాళ్ల మతంలో కలిశాడు. నన్ను రమ్మని బలవంతం చెయ్యలేదు, రావద్దనీ అనలేదు. వెళ్లాను. పక్క ఊరి చర్చి కింది అంతస్తులో పలకలు పరిచిన తొట్టి, మెట్లు, నడుం లోతు నీళ్లు. హాల్వర్, వెర్ల్ ఇద్దరూ తెల్లబట్టల్లో ఉన్నారు. తెల్లబట్టల్లో మా ఆయన నాకు కొత్తమనిషిలా కనిపించాడు.

"ఈయనకి పుట్టిన వారానికే బాప్తిస్మం అయింది బిషప్ గారూ" అన్నాను వెర్ల్‌తో. "అది చెల్లదా?"

"ఇచ్చినవాళ్లకి అధికారం లేదు సిస్టర్" అన్నాడు వెర్ల్, చాలా మెత్తగా. "వాళ్ల తప్పు కాదు. వాళ్లకి తెలీదు."

"మరి మా నాన్న సంగతేంటి?" అని అడిగాడు హాల్వర్. వాళ్ల నాన్న తాగి తాగి పోయాడు. పెళ్లయ్యాక చర్చి గడప తొక్కలేదు.

"దానికి దారుంది బ్రదర్. కొన్నాళ్లయ్యాక నువ్వు మందిరానికి వెళ్లి మీ నాన్న పేరు మీద నువ్వు మునగచ్చు. పోయినవాళ్లకి బతికున్నవాళ్లు చేసే బాప్తిస్మం అది. తీసుకుంటాడో లేదో ఆయనిష్టం."

నేనెరిగిన ఏ చర్చిలోనూ ఆ మాట వినలేదు.

"చచ్చిపోయినవాళ్లకి ఇస్తారా?" అన్నాను.

"ఇస్తాం."

"ఎవరికైనా?"

"పేరు తెలిస్తే చాలు."

"ఆర్నె హౌగెన్" అన్నాను. "వాడికివ్వండి. మీ పద్ధతిలోనే ఇవ్వండి. నేను దేనికీ అడ్డు చెప్పను. కావాలంటే నేను కూడా మునుగుతాను."

హాల్వర్ నా వైపు తిరిగాడు. వెర్ల్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చెట్లెక్కీ దిగీ కాయలు కాసిన చేతులు. ఆయన మొహంలో నాకు చెడ్డతనం ఎక్కడా కనిపించలేదు.

"ఎనిమిదేళ్లు నిండని పిల్లలకి మేం ఇవ్వం సిస్టర్. అడక్కూడనిది అడిగారని కాదు. పసిబిడ్డకి బాప్తిస్మం ఇస్తే దేవుణ్ణి అవమానించినట్టు. వాడికి అక్కర్లేదు."

"అడిగింది వాడు కాదు, నేను" అన్నాను.

వెర్ల్ నా చేతులు వదిలి తొట్టిలోకి దిగాడు. వెనకే హాల్వర్ దిగాడు. గట్టు మీద అటూ ఇటూ ఇద్దరు సాక్షులు నిలబడ్డారు. మనిషి నిలువెల్లా మునగాలి, వేలి కొస కూడా పైకి తేలకూడదు, తేలితే మళ్లీ మొదటినుంచి. వెర్ల్ చెయ్యెత్తి మాటలన్నీ తప్పు లేకుండా చెప్పాడు. హాల్వర్‌ని వెనక్కి వంచి ముంచాడు. సాక్షుల్లో ఒకాయన తల అడ్డంగా ఊపాడు, మోచెయ్యి తేలిందని. వెర్ల్ మళ్లీ ఆ మాటలన్నీ చెప్పాడు. మళ్లీ ముంచాడు.

పుట్టినప్పుడు ఒకసారి, ఆరోజు రెండుసార్లు. మా ఆయనకి మొత్తం మూడు బాప్తిస్మాలయ్యాయి. తొట్టి నిండా నీళ్లున్నాయి. నా కొడుక్కి అందులో చారెడు కూడా దక్కలేదు.